పరిశోధనలో నిజాయితీ – బడిలో పడే పునాది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "సార్, జ్ఞాపకాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు ఏదైనా పనికొచ్చే విషయం చెప్పండి" అన్నారు. నేను ముప్పై రెండేళ్లు డిగ్రీ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. మన బడి నుంచి వెళ్లినవాళ్లలో ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు ఉన్నారు, కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, మందుల కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్లు ఉన్నారు. అందుకని పరిశోధన చేయడంలో, దాన్ని అచ్చువేయడంలో నిజాయితీ గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇది యూనివర్సిటీ వాళ్ల సంగతి, బడికి ఏం సంబంధం అనుకోకండి. సంబంధం ఉంది, అదే చెప్పబోతున్నాను.

ముందు మన పేట పేరు చూడండి. పార్సీలో దబీర్ అంటే రాసేవాడు, లేఖకుడు, కార్యదర్శి. దర్బారులో జరిగినది జరిగినట్టు రాయడం అతని కొలువు. ఊరి చుట్టూ ఉన్న పాత దర్వాజాలన్నీ కూలిపోయి రెండే మిగిలాయి. ఒకటి పురానాపూల్ దగ్గరిది, రెండోది మన దబీర్‌పురా దర్వాజా. రోజూ దాని కింద నుంచి బడికి వచ్చినవాళ్లం మనం. లేఖకుల పేరున్న పేటలో చదువుకున్నవాళ్లకు, రాత విషయంలో కాస్త ఎక్కువ పట్టింపు ఉండాలని నా అభిప్రాయం.

పరిశోధన నిజాయితీ గురించి మాట్లాడితే మన ఊరి చరిత్రలోనే ఒక మంచి పాఠం ఉంది. 1888లో ఇక్కడ హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ పనిచేసింది. ఆపరేషన్‌కు మత్తు ఇవ్వడానికి క్లోరోఫాం వాడడం 1847లో ఎడింబరోలో సింప్సన్ మొదలుపెట్టాడు. అయితే అప్పుడప్పుడూ మంచి ఆరోగ్యంతో ఉన్న మనిషి కూడా బల్ల మీదే ప్రాణం విడిచేవాడు. గుండె ముందు ఆగుతోందా, శ్వాస ముందు ఆగుతోందా అన్నది పెద్ద వివాదం. మన హైదరాబాద్ మెడికల్ స్కూల్ అధిపతి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. శ్వాసను కనిపెట్టి చూస్తే చాలు, క్లోరోఫాంతో ప్రమాదం లేదన్నది గురువు బోధన. లారీ దాన్ని గట్టిగా నమ్మాడు. జంతువుల మీద ప్రయోగాలు చేయించి గురువు మాటే నిజమని ప్రకటించాడు.

లండన్‌లోని లాన్సెట్ పత్రిక అనుమానించింది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి, మా ఊళ్లోనే మళ్లీ పరీక్షించండి అన్నారు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరున్న శాస్త్రవేత్త వచ్చాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. గుండెకు ప్రమాదం ఉందని నమ్మి వచ్చిన బ్రంటన్ కూడా లారీ పక్షానికి మారాడు. వివరాలన్నీ లాన్సెట్‌లో అచ్చయ్యాయి. తీర్పు వచ్చేసిందని అందరూ అనుకున్నారు.

ఆ తీర్పు తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన ఇంగ్లండ్‌లో చూపించాడు: మత్తు తేలికగా ఉన్నప్పుడు కూడా క్లోరోఫాం గుండె లయను ఒక్కసారిగా చెదరగొట్టి ప్రాణం తీయగలదు. హైదరాబాద్‌లో ఎవరూ అబద్ధం రాయలేదు. మోతాదు ఎక్కువైతే శ్వాస ముందు ఆగడం వాళ్లు చూశారు, చూసిందే రాశారు. కానీ ప్రయోగం మొదలుపెట్టేనాటికే ఏ జవాబు కావాలో నిర్ణయమైపోయింది. గురువు మాట నిలబడాలన్న కోరిక ప్రశ్నను ఒకవైపుకు వంచేసింది. తేలిక మత్తులో, భయంతో ఉన్న రోగికి ఏమవుతుందన్న ప్రశ్న పక్కకు పోయింది.

ఈ కథలో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, అబద్ధం ఆడకపోయినా తప్పు జరగవచ్చు. కాబట్టి నిజాయితీ అంటే అబద్ధం ఆడకపోవడంతో సరిపోదు. నా నమ్మకాన్ని కూలగొట్టగల పరీక్ష ఏదో దాన్ని నేనే వెతికి చేయాలి. రెండోది, వాళ్లు ఏ ప్రయోగం ఎలా చేశారో విప్పి అచ్చువేశారు. అందువల్లే తర్వాతివాళ్లు లోపం ఎక్కడుందో చూడగలిగారు. తప్పు చేసినవాడు దారి గుర్తులు వదిలి వెళితే, వెనక వచ్చేవాడు సరిదిద్దుకుంటాడు. దొంగ లెక్క రాసినవాడు ఆ గుర్తులనే చెరిపేస్తాడు. తప్పుకూ మోసానికీ తేడా అక్కడే ఉంది.

అదే 1888లో మన ఊళ్లో ఇంకో పని మొదలైంది. దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ. ఇప్పుడు ఉస్మానియా ఆవరణలో ఉంది. ప్రపంచం మరచిపోతున్న అరబ్బీ శాస్త్ర గ్రంథాలను వెతికి అచ్చువేసింది. అల్ బిరూనీ ఖగోళ గ్రంథం అల్ ఖానూన్ అల్ మసూదీని 1950ల్లో అచ్చువేసింది ఈ సంస్థే. పాత గ్రంథం అచ్చువేసే పద్ధతి ఏమిటి? దొరికిన రాతప్రతులన్నీ పక్కపక్కన పెడతారు. ఒక ప్రతిలో ఒక మాట, ఇంకో ప్రతిలో ఇంకో మాట ఉంటే, తమకు సరైనదనిపించింది పైన వేసి, రెండోది పేజీ అడుగున చూపిస్తారు. "మేమిలా అనుకున్నాం, మీకు వేరేలా అనిపిస్తే ఇదిగో ఆధారం" అని చదివేవాడి చేతిలో పెట్టడం అది. ప్రచురణ ధర్మం గురించి నాకు తెలిసిన మంచి నిర్వచనం ఆ పేజీ అడుగు గీతే.

ఇప్పుడు అదే హైదరాబాద్ ఇంకో రకంగా కూడా ప్రపంచానికి తెలుసు. అది చెప్పుకోక తప్పదు. మన నగరం కేంద్రంగా ఓమిక్స్ అనే సంస్థ వందలాది శాస్త్ర పత్రికలు నడిపింది, దేశదేశాల్లో సదస్సులు పెట్టింది. 2016 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద కేసు వేసింది. తోటి నిపుణులు పరిశీలిస్తారని చెప్పి సరిగా పరిశీలించకుండానే అచ్చువేస్తున్నారనీ, ఫీజు సంగతి ముందు చెప్పడం లేదనీ, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు సంపాదకులుగా వేసుకుంటున్నారనీ ఆరోపణలు. సంస్థ వాటిని ఖండించింది. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు చెప్పింది.

ఒక్క సంస్థను అని లాభం లేదు. ఇలాంటి పత్రికలను వేటగాడి పత్రికలు అని పిలుస్తున్నారు. ఆ పేరు పెట్టింది అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ లైబ్రేరియన్ జెఫ్రీ బీల్. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే విలేఖరి ఒక పరీక్ష పెట్టాడు. తెలిసినవాడెవడైనా చదివితే వెంటనే పట్టుకోగల తప్పులు కావాలని పెట్టి, లేని శాస్త్రవేత్తల పేర్లతో ఒక దొంగ పత్రం తయారుచేసి, ఫీజు తీసుకునే 304 పత్రికలకు పంపాడు. 157 పత్రికలు ఒప్పుకున్నాయి. తిప్పికొట్టినవి 98. మిగతావాటిలో కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఇంకా తేల్చలేదు.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో పిల్లలకు అర్థమయ్యేలా చెబుతాను. మంచి పత్రికకు వ్యాసం పంపితే, ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపిస్తారు. వాళ్లు చదివి, ఇది చాలదు, ఈ ప్రయోగం మళ్లీ చేయి అంటారు. నెలలు పడుతుంది. చాలాసార్లు తిరిగి వచ్చేస్తుంది. రెండో రకం పత్రిక నుంచి ఉత్తరం ఇలా ఉంటుంది: "మహాశయా, తమరు ఈ రంగంలో ప్రఖ్యాతులు, మీ అమూల్యమైన వ్యాసం పంపండి, వారంలో అచ్చువేస్తాం." వారం తర్వాత బిల్లు వస్తుంది. చదివేవాడి కోసం నడిచే పత్రిక మొదటిది. రాసేవాడి జేబు కోసం నడిచేది రెండోది. మంచి పత్రికల్లోనూ ఫీజు తీసుకునేవి ఉన్నాయి, కాబట్టి ఫీజు ఒక్కటే గుర్తు కాదు. చదివారా లేదా అన్నదే గుర్తు.

మరి అంత చదువుకున్నవాళ్లు ఎందుకు పడుతున్నారు? కొందరు తెలియక. చాలామంది తెలిసే. ఎందుకంటే మన దగ్గర ఉద్యోగానికి, ప్రమోషన్‌కు పత్రాల లెక్క చూస్తారు. ఎన్ని అని అడుగుతారు, ఏముంది అని అడగరు. థీసిస్ ఇవ్వాలంటే ముందు పత్రం అచ్చుకావాలన్న నిబంధన చాలాకాలం నడిచింది. 2022లో యూజీసీ దాన్ని తీసేసింది. మంచి పత్రికల జాబితా ఒకటి పెట్టి, 2018లో అందులోంచి నాలుగు వేలకు పైగా పేర్లు కొట్టేసింది. తర్వాత కేర్ అనే కొత్త జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ ఎత్తేసి, మంచి చెడు మీరే చూసుకోండని విద్యాసంస్థలకే వదిలేసింది. 2018లోనే గ్రంథచౌర్యం మీద నిబంధనలూ వచ్చాయి. వాటి ప్రకారం పోలిక పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు. ఆపైన నలభై శాతం వరకు ఉంటే థీసిస్ దిద్ది మళ్లీ ఇవ్వాలి. అరవై దాటితే విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దు.

ఇవన్నీ కావలసినవే. కానీ సాఫ్ట్‌వేర్ మాటల పోలికను పడుతుంది, దొంగ అంకెను పట్టదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయన శాస్త్ర ఆచార్యుడి పేరుతో అచ్చయిన సుమారు 70 పత్రాలు కాపీవో కల్పితమో అని 2008లో ప్రపంచానికి తెలిసింది. నేనూ రసాయన శాస్త్రం వాడినే కాబట్టి ఆ వార్త మా స్టాఫ్ రూంలో చాలా రోజులు నలిగింది. దాన్ని పట్టింది యంత్రం కాదు. పరిశీలనకు వచ్చిన పత్రాన్ని శ్రద్ధగా చదివిన ఒక పెద్దమనిషి కన్ను. ఆ ఆచార్యుడి దగ్గర చదువుకున్న విద్యార్థుల పట్టాల మీద పడ్డ నీడ గురించి ఎవరూ మాట్లాడలేదు. వాళ్లలో కష్టపడి చదివినవాళ్లూ ఉంటారు కదా.

ఇప్పుడు గురువులకు ఒక మాట. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేసే ఒక అధ్యయనం జరిగింది. పాథ్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. టీకా మేలు చేసేదే, దాని మీద నాకు అనుమానం లేదు. నేను చెప్పేది సంతకాల గురించి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది.

అందులో చాలామంది గిరిజన పిల్లలు. అమ్మానాన్న ఎక్కడో గూడెంలో ఉన్నారు. పై నుంచి కాగితం వచ్చింది, వార్డెన్ గారు సంతకం పెట్టారు. ఆయన చెడ్డవాడై ఉండడు. ప్రభుత్వం చెప్పింది, మంచి పనే, రేపటిలోగా కావాలన్నారు అనుకుని ఉంటాడు. మన బడికి రేపు అలాంటి కాగితం వస్తే మనం ఏం చేస్తాం? సర్వే అనో, రక్త పరీక్ష అనో, ఏదో యాప్ వాళ్ల అధ్యయనం అనో వస్తాయి. పిల్ల సమ్మతి, తల్లిదండ్రుల సమ్మతి హెడ్‌మాస్టర్ గారి స్టాంపుతో తీరిపోయేది కాదు. తల్లికి ఆమె భాషలో, మన పేటలో అయితే ఉర్దూలోనో తెలుగులోనో, విప్పి చెప్పి, వద్దనే హక్కు ఉందని కూడా చెప్పి, అప్పుడు అడగాలి.

1897లో ఇదే జంటనగరాల్లో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమలో కనిపెట్టాడు. ఆ దోమల చేత కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. దోమకో అణా ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ పేరైనా మనకు మిగిలింది. పేరు మిగలని వాళ్లు ఎందరో. పరిశోధనకు శరీరం ఇచ్చినవాడూ మనిషేనని గుర్తుంచుకోవడానికి ఆ పేరు చెబుతుంటాను.

ఇక మన బడి దగ్గరికి వస్తాను. దొంగ అంకె రాయడం ఎక్కడ నేర్చుకుంటాం? పీహెచ్‌డీలో కాదు, ఇంటర్ ల్యాబులో. బ్యూరెట్ పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. మూడుసార్లు టైట్రేషన్ చేస్తే రీడింగులు ఒకటిగా రావాలి. నాకు 20.1, 20.6, 19.8 వచ్చాయి. పక్కవాడి జవాబు తెలుసు. వెనక నుంచి లెక్కకట్టి 20.2, 20.2, 20.2 అని రాసేస్తాం. సార్ టిక్కు పెడతారు. నిజం రాసినవాడికి సగం మార్కులు, కల్పించినవాడికి మొత్తం మార్కులు. పిల్లవాడికి ఆ రోజు మనం ఏం నేర్పించినట్టు?

నేను పాఠం చెప్పిన చివరి పదిహేనేళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నాను. రికార్డులో తుడవకూడదు, రబ్బరు తేకూడదు. తప్పనిపిస్తే ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయాలి, కొట్టేసింది కనబడాలి. రీడింగులు కలవకపోతే, ఎందుకు కలవలేదో రెండు వాక్యాలు రాస్తే పూర్తి మార్కులు. మొదట్లో పిల్లలు నమ్మలేదు. రెండో నెలకల్లా కొందరు "సార్, నా పిపెట్‌లో బుడగ ఉండిపోయింది, అందుకే తేడా" అని రాయడం మొదలుపెట్టారు. ఆ వాక్యం రాసిన పిల్ల శాస్త్రవేత్త అయినట్టే. పబ్లిక్ పరీక్షకు ఈ పద్ధతి నప్పదని తోటి లెక్చరర్లు అన్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది. అయినా ఏడాదిలో పరీక్ష ఒక్క రోజే కదా.

ఇంట్లోవాళ్లకూ వాటా ఉంది. సైన్స్ ఫెయిర్ అంటే తండ్రి వెళ్లి మోడల్ కొనుక్కొస్తాడు. అమీర్‌పేట గల్లీల్లో బీటెక్ ప్రాజెక్టులు చేసి ఇస్తామని బోర్డులే ఉంటాయి. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది, అడిగిన వ్యాసం నిమిషంలో రాసిస్తుంది. లేని పుస్తకం పేరు, లేని పేజీ నంబరు కూడా అంతే ధీమాగా ఇస్తుంది. వాడొద్దని నేను చెప్పను. వాడితే వాడానని రాయి, అది చెప్పిన ప్రతి ఆధారాన్నీ నువ్వే తెరిచి చూడు అంటాను. పేరు పెట్టుకున్నావంటే పూచీ నీదే.

ఆ పూచీకి ఖరీదు ఉంటుంది. అది దాచిపెట్టి ఉపన్యాసం చెప్పడం నాకిష్టం లేదు. మన బడి అబ్బాయే ఒకతను, తండ్రి ఆటో నడుపుతాడు. ఒక ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. ఒకరోజు నా దగ్గరికి వచ్చి ఫోన్‌లో ఒక ఉత్తరం చూపించాడు. "సార్, వారంలో వేస్తారట. నా రెండు నెలల జీతం. ఇంటర్వ్యూకు ఇంకా నెలే ఉంది." నేను వద్దనలేదు, వెయ్యమనలేదు. "ఆ పత్రికలో వచ్చిన పాత వ్యాసాలు మూడు చదివి, రేపు రా" అన్నాను. మర్నాడు వచ్చి, "ఒకే గ్రాఫ్ రెండు వ్యాసాల్లో ఉంది సార్" అన్నాడు. తన వ్యాసం ఒక శాస్త్ర సంఘం నడిపే పత్రికకు పంపాడు. రెండుసార్లు దిద్దించారు. పద్నాలుగు నెలలకు అచ్చయింది. ఆ ఇంటర్వ్యూలో ఉద్యోగం మాత్రం ఎనిమిది పత్రాలు చూపించిన ఇంకొకరికి వెళ్లింది.

అతను ఇంకా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. మంచివాడికి చివరికి మంచే జరిగిందని చెప్పి మీ చేత చప్పట్లు కొట్టించుకోగలను, కానీ అది దొంగ రీడింగ్ అవుతుంది. నేను అడిగేది ఏమిటంటే, నిజాయితీకి అయ్యే ఖర్చంతా ఆ ఒక్క కుర్రవాడే ఎందుకు భరించాలి? మనలో ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చునేవాళ్లు ఉన్నారు, కాలేజీలు నడిపేవాళ్లు ఉన్నారు. ఈసారి అభ్యర్థి వచ్చినప్పుడు పత్రాల సంఖ్య పక్కన పెట్టి, "మీ పని అన్నింటిలోకీ మంచిదేది, ఒక్కటి ఇవ్వండి" అని అడిగి, దాన్ని ముందురోజు చదివి రండి. వేటగాడి వ్యాపారం ఆ ఒక్క ప్రశ్నతో సగం పడిపోతుంది.

సంఘానికి మూడు చిన్న విన్నపాలు. ఒకటి: స్వర్ణోత్సవం పేరుతో ఇచ్చే సైన్స్ బహుమతిని అందమైన మోడల్‌కు ఇవ్వకండి. తన నోటుబుక్కు చూపించి, ఏది కుదరలేదో చెప్పగలిగిన పిల్లకు ఇవ్వండి. రెండు: నెలకో ఆదివారం మన బడి లైబ్రరీ గది తెరవండి. నాలాంటి రిటైరైనవాళ్లం నలుగురైదుగురం కూర్చుంటాం. పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలు తమ వ్యాసాలు తెస్తే చదివి పెడతాం, ఏ పత్రిక మంచిదో చెబుతాం. ఫీజు లేదు, చాయ్ సంఘానిది. మూడు: బయటివాళ్లు పిల్లల మీద ఏ అధ్యయనానికి వచ్చినా, తల్లిదండ్రుల ప్రతినిధులు ఇద్దరు, ఉపాధ్యాయులు ఇద్దరు, సంఘం తరఫున ఒకరు కూర్చుని కాగితం చదివాకే అనుమతి ఇవ్వాలని హెడ్‌మాస్టర్ గారిని కోరుతున్నాను.

రెండో పనికి నా పేరు ఇప్పుడే రాసుకోండి. వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున పదింటికి వస్తాను. వ్యాసాలు తెచ్చుకునేవాళ్లు తమ అసలు రీడింగుల పుస్తకం కూడా వెంట తెచ్చుకోవాలి, కొట్టివేతలతో సహా.